చింగోలో చెరపని నీడ

ఎల్వియో లుదుయేన్యా నోటికి ఎవరూ ఆగలేరు. అర్జెంటీనాలోని కోర్దొబా కొండల్లో పుట్టినవాళ్ళు ఎదుటివాడికి ఏదో ఒక పేరు పెట్టకుండా ఉండలేరు, నిజమే. కానీ ఎల్వియో ఆ విద్యలో ఆరితేరినవాడు. లాస్ తలాస్ గ్రౌండ్ స్టేషన్లో అతను పేరు పెట్టని ప్రాణి లేదు. కంప్యూటర్ ముందు కూర్చుని ఉపగ్రహానికి ఆదేశాలు పంపే ఫితో రోజంతా కలిపి నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప, అందుకని వాడు ‘రేడియో’. పగలంతా నీడపట్టున నిద్రపోయి మాంసం కాలే వేళకి మాత్రం ఒళ్ళు విరుచుకుని వచ్చే కాపలా కుక్క ‘మంత్రి’. ‘చింగోలో’ అనే ఉపగ్రహం లోపలి కంప్యూటర్‌కి ప్రోగ్రాములన్నీ రాసిన నీల్దా బొస్సెత్తి ఏ పనికైనా ముందు ‘ఎందుకైనా మంచిది’ అంటూ ఇంకో జాగ్రత్త తగిలిస్తుంది కాబట్టి ఆవిడ ‘దోన్యా ఎందుకైనామంచిది’, దోన్యా అంటే అమ్మగారన్నమాట. ఆవిడ ముందే ఆ పేరుతో పిలిచేవాడు. ఆవిడ అందరూ వంతులవారీగా తాగే మాతె ఆకు గిన్నెలో వేడినీళ్ళు పోసి అతని చేతికిచ్చేదే తప్ప బదులు పలికేది కాదు.

చింగోలో ఇంకా బల్లమీద విడి భాగాలుగా ఉన్నప్పుడే ఆ పేరు పుట్టింది. ఓ పెద్ద సమావేశంలో నీల్దా లేచి ఒక మాట చెప్పింది. పైన రాసుకున్న సమాచారాన్ని చెరిపెయ్యమని నేల నుంచి ఆదేశం వెళ్ళినా సరే, అది పూర్తిగా కిందికి చేరినట్టు నేల నుంచి రసీదు అందేదాకా ఉపగ్రహం చెరపకూడదు, అంతే. ఎల్వియో అప్పటికే ఆదేశాల విభాగానికి పెద్ద. వెంటనే లేచాడు.

“ఏమ్మా నీల్దా, నేను గుర్రం ఎక్కి పద అంటే, ‘ఇంట్లో చెప్పొచ్చావా’ అని అడిగే గుర్రం నాకెందుకు?”

గది గదంతా నవ్వింది. నీల్దా కాగితాలు సర్దుకుని, “ఎందుకైనా మంచిదని అన్నాను,” అంది. దానికి ఇంకా నవ్వారు. ఆ రోజు విందుకి అసాదో, అంటే నిప్పులమీద మాంసం, కాల్చే బాధ్యత కూడా ఎల్వియోదే. పెరట్లోంచి మాడు వాసన వస్తే మాంసం తిప్పడానికి పరుగెత్తాడు. తర్వాత లోపల ఏం తేల్చారో ఎవర్నీ అడగలేదు. నవ్వు తనవైపు వచ్చాక ఇంక తేలడానికేముంది అనుకున్నాడు. అప్పటినుంచి స్టేషన్ చూడ్డానికి ఎవరొచ్చినా, “రసీదు పంపుతాం కానీ అది ఉత్త మర్యాదకండీ. చింగోలో నా మాట జవదాటదు,” అని చెప్పుకునేవాడు.

అక్కడివాళ్ళు తప్పులన్నీ నెట్టేసే చోటు కూడా ఒకటుంది. దక్షిణ అట్లాంటిక్ మీద భూమి అయస్కాంత కవచం పలచబడిన చోట అంతరిక్షపు కణాలు జొరబడి, ఉపగ్రహాల మెమరీలో అక్కడో అంకె ఇక్కడో అంకె తారుమారు చేస్తాయి. దాన్ని అనోమలియా అంటారు. స్టేషన్లో తాళంచెవులు కనబడకపోయినా అనోమలియానే. పొయ్యిలో క్రియోయో రొట్టెలు మాడినా అనోమలియానే. ఫితోకి కుదిరిన పెళ్ళి తప్పిపోయినప్పుడు కూడా, “అమ్మాయి అట్లాంటిక్ మీదుగా వచ్చుంటుందిరా,” అన్నాడు ఎల్వియో. ఫితో కూడా నవ్వాడు పాపం.

ఇక గ్రహణం సంగతి. పతగోనియా మీద సూర్యుడికి సంపూర్ణ గ్రహణం పట్టిన రోజున చింగోలో సరిగ్గా ఆ నీడలోంచి దూసుకుపోయింది. పైగాలిలో ఎలక్ట్రాన్లు లెక్కపెట్టే ఓ పరికరం అందులో ఉంది, చెప్పుల పెట్టెంత ఉంటుంది. దాన్ని చేసింది అయెలెన్ కింత్రెల్. నెయుకెన్ నుంచి వచ్చిన అమ్మాయి, ముప్పై దాటలేదు. నట్టనడి పగలు హఠాత్తుగా చీకటైతే పైగాలి ఏం చేస్తుందో, మళ్ళీ వెలుగొస్తే ఎలా కోలుకుంటుందో తెలుసుకోవాలన్నది ఆమె తపన. ఆమె పరికరం బతికుండగా అలాంటి నీడలోకి చింగోలో మళ్ళీ వెళ్ళదు. ఇప్పుడు పోతే పోయినట్టే.

“సాయంత్రం ఒక రాక ఉంది, అప్పుడే దించేసుకుందాం,” అంది నీల్దా. ఉపగ్రహం స్టేషన్ మీదుగా పోయే ఆ కాసిన్ని నిమిషాలనీ అక్కడ రాక అంటారు.

“రేపు పొద్దున మంత్రిగారొస్తున్నారమ్మా. కుక్క కాదు, నిజం మంత్రి. టీవీవాళ్ళూ వస్తున్నారు. నీడ వాళ్ళ కళ్ళముందు దిగాలి. ఒక్క రాత్రి చింగోలో కడుపులో ఉంటే అరిగిపోతుందా ఏమిటి?”

“మెమరీ దాదాపు నిండిపోయిందయ్యా. ఎందుకైనా…”

“…మంచిది!” అని గదిలో ఉన్నవాళ్ళంతా కలిసి అందుకున్నారు. అయెలెన్ కూడా నవ్వింది. అంతటితో ఆ మాట అయిపోయింది.

మర్నాడు కుక్కని వెనక కట్టేశారు. దాన్ని పేరు పెట్టి పిలవొద్దని అందరికీ గట్టిగా చెప్పుకున్నారు. మంత్రిగారు తెల్లచొక్కాలో వచ్చారు. టీవీవాళ్ళ వ్యాను తిన్నగా కంచె లోపలికి వచ్చి పెద్ద యాంటెన్నా కిందే ఆగింది. దాని నెత్తిమీద కూడా ఓ గొడుగు, ప్రత్యక్ష ప్రసారం పంపడానికి.

“దాన్ని బయట పెట్టించు ఎల్వియో,” అంది నీల్దా. “అది పక్కనే అరుస్తుంటే మనకి చింగోలో గొంతు వినపడదు.”

“కేబులు చాలదంటున్నారు. పిలిచి వాళ్ళని ఎండలోకి తోలమంటావా? అంత బెంగగా ఉంటే నువ్వే వెళ్ళి బతిమాలుకో. ఆదేశాలు నేను చదువుతాలే.”

నీల్దా చంకలో థర్మాస్‌తో సహా బయటికి వెళ్ళింది.

ఆదేశాలకి అక్కడ ఒక పద్ధతుంది. ఒకరు తమ కాగితం చూసి పైకి చదవాలి. రెండోవారు తమ కాగితంతో పోల్చి ‘సరిపోయింది’ అనాలి. అప్పుడే ఫితో మీట నొక్కాలి. ఎంత చిన్న ఆదేశమైనా అంతే. చెరిపే ఆదేశానికైతే ఇంకోటి కూడా చూడాలి. దిగిన సమాచారాన్ని కంప్యూటర్ మొదటినుంచి సరిచూసుకుంటూ తెరమీద ఒక పచ్చగీత గీస్తుంది. గీత చివరికంటా చేరితే అంతా క్షేమంగా వచ్చినట్టు. రసీదు దానంతటదే పైకి పోతుంది. ఆ తర్వాతే చెరపడం.

చింగోలో కొండ అంచున తల ఎత్తింది. అంకెలు జలజలా దిగడం మొదలైంది. మంత్రిగారు ఆవలింత ఆపుకున్నారు. కెమెరా కుర్రాడు కాసేపు అటూఇటూ తిరిగి ఎల్వియో దగ్గరికొచ్చాడు.

“ఇంజనీరుగారూ, ఎంతసేపూ అంకెలే కనబడుతున్నాయండి. మనిషి చేసే పనేం లేదా? మీరేదైనా నొక్కండి సార్, తీసుకుంటాను.”

మనిషి చేసే పనేం లేదా అన్నమాట ఎల్వియోకి గుచ్చుకుంది. జుట్టు సవరించుకున్నాడు. జాబితాలో మిగిలింది ఒక్కటే ఆదేశం, చెరిపేది. పచ్చగీత సగం దాకా పాకింది. ఇప్పటిదాకా ఏనాడూ అది మధ్యలో ఆగింది లేదు.

“ఇదిగో, దీంతో పని ముగుస్తుంది. పళ్ళెం కడిగేసి బోర్లించడమన్నమాట,” అన్నాడు మంత్రిగారితో. ఫితో కుర్చీ పక్కకి జరిపాడు.

“సార్, గీత ఇంకా…” అన్నాడు ఫితో.

“అబ్బో! ఇవాళ రేడియో కూడా మోగిందే!”

అందరూ నవ్వారు. ఎల్వియో కెమెరా వైపు తిరిగి, ఫితోకి తప్ప ఆ గదిలో ఎవరికీ అర్థంకాని సంకేతపు మాటల్లో ఉన్న ఆదేశం తనే గట్టిగా చదివాడు, “సరిపోయింది!” అని తనే అన్నాడు, మీట తనే నొక్కాడు. మంత్రిగారు చప్పట్లు కొట్టారు. కెమెరా కుర్రాడు బొటనవేలు చూపించాడు. ఫితో తన చేతులకేసి చూసుకుంటూ కూర్చున్నాడు.

చింగోలో అవతలి కొండ వెనక్కి దిగిపోయిన కాసేపటికి పచ్చగీత ఎర్రబడింది. అంకెల మధ్య ఒకచోట ఉత్త గజిబిజి, చెత్త. వ్యాను మీది గొడుగు ప్రసారం మొదలుపెట్టిన వేళకి చింగోలో పంపుతున్నదంతా వినబడకుండా పోయింది. అదీ సరిగ్గా ఎక్కడంటే, నీడ ఉండాల్సిన చోట.

అయెలెన్ తెరకి దగ్గరగా ముఖం పెట్టి చూసింది. తర్వాత లేచి నిలబడింది.

“ఇంజనీరుగారూ, నీడ లేదు.”

 టీవీవాళ్ళ మైకు పట్టుకున్న అమ్మాయి ఎల్వియో ముందుకి వచ్చి, “ఏమైంది సార్?” అంది. ఎల్వియోకి ఏమైందో తెలుసు. చెరిపేశానని తెలుసు.  మైకుని చూశాడు, మంత్రిగారి తెల్లచొక్కాని చూశాడు. ఎప్పుడూ నాలుక చివరన ఉండే మాటే బయటికొచ్చింది.

“అనోమలియా.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. అదే అన్నిటికంటే విచిత్రంగా అనిపించిందతనికి. ఎన్నో ఏళ్ళు హాస్యానికి వాడిన మాటని అందరూ నిజమని నమ్మారు. అతను ఇంకా చెప్పుకుపోయాడు. కణాలనీ, మెమరీ దెబ్బతిందనీ, ప్రకృతి ముందు మనమెంతనీ. మైకు అమ్మాయి తల ఊపింది.

అయెలెన్ కళ్ళు తుడుచుకుని అతని దగ్గరికొచ్చి మోచేతి మీద చెయ్యి వేసింది. “మీరేం చేస్తారండీ. రాత్రంతా దీని గురించే ఆలోచిస్తూ నిద్ర కూడా పోయుండరు. మీరు బాధపడకండి.”

నిజానికి ముందు రాత్రి ఎల్వియో హాయిగా నిద్రపోయాడు. ఆ చెయ్యి తీసేదాకా ఊపిరి బిగబట్టి నిలుచున్నాడు. ఆమె బయటికి వెళ్ళి గోడవారన కూర్చుని ఎవరికో ఫోన్ చేసింది. వాళ్ళమ్మకే అయుంటుంది. “పోయిందమ్మా” అన్న ఒక్కమాట కిటికీలోంచి వినబడింది. అతనికి సిగ్గుతో చెవులు కాలిపోయాయి. అయినా బయటికి వెళ్ళలేదు.

మంత్రిగారి కోసం వేసిన అసాదో ఎలాగూ తప్పదు కదా. ఎల్వియో నిప్పుల ముందు నిలబడి మాంసం తిప్పుతూ ఉన్నాడు. ముఖానికి సెగ తగులుతోంటే అదే నయమనిపించింది, ఎర్రబడినందుకు కారణం ఎవరూ అడగరు. కుక్క ఎలాగో కట్టు తెంపుకొచ్చి నిజం మంత్రిగారి కాళ్ళ దగ్గరే పడుకుంది. స్టేషన్ వాళ్ళంతా ఎల్వియో ఏదో ఒకటి అంటాడని చూశారు. అతను మాంసం తిప్పుతూనే ఉన్నాడు.

నీల్దా మాతె పోసుకొచ్చి పక్కన నిలుచుంది.

“అనోమలియా తగిలితే మెమరీ తప్పులు లెక్కపెట్టి చెప్తుందిగా. పొద్దున ఒక్కటీ లేదు. నాకు ఆ వ్యాను మీదే అనుమానం. పైన బాగానే ఉండుంటుంది ఎల్వియో. తర్వాతి రాకలో మళ్ళీ అడుగుదాం.”

“దండగమ్మా.”

“దండగెందుకు? నువ్వు చెరపమనలేదు కదా?”

ఆవిడ అనుమానించి అడగలేదు. ఉప్పు వేశావు కదా అన్నట్టు అడిగింది. అందుకే అబద్ధం అంత సులువుగా వచ్చేసింది.

“లేదు,” అన్నాడు ఎల్వియో.

“మరింకేం.”

మాతె అతని చేతికిచ్చి వెళ్ళిపోయింది. అందులో నీళ్ళు చల్లారేదాకా అతను అలాగే పట్టుకుని నిలుచున్నాడు. తర్వాతి రాకలో వీళ్ళు అడుగుతారు. ఖాళీ అని చింగోలో చెప్తుంది. ఎవరు ఖాళీ చేశారని చూస్తారు. అప్పుడు అయెలెన్ ఎదురుగానే ఉంటుంది.

అక్కడ ఎల్వియో చేసిన పనిని ఏ మాటతో చెప్పినా తక్కువే. లోపలికి వెళ్ళి తర్వాతి రాక జాబితా దిద్దాడు. మళ్ళీ అడిగే ఆదేశం తీసేశాడు. దాని చోట ఇంకోటి పెట్టాడు. పాతదేమున్నా చూడకుండా మొదటినుంచీ దానిమీదే కొత్త సమాచారం రాసెయ్యమనే ఆదేశం అది. ఎన్నడో ఉపగ్రహం ప్రాణం మీదికొస్తే వాడటానికని ఉంచిన, దేనికోసమూ ఆగని దారి. ఎటూ పోయినదేగా, చచ్చినదాన్ని కొత్తగా చంపేదేముంది అని తనకి తను చెప్పుకున్నాడు. 

కాగితం చూసి నీల్దా కనుబొమలు ముడిచింది. “ఇదేమిటి?”

“మెమరీ నిండింది. పాడైన సరుకు పట్టుకు వేలాడితే ఇవాళ్టిది కూడా పోతుంది. బాధ్యత నాది.”

“ఆరోగ్యం చదివాక చూద్దాం,” అందావిడ. రాక మొదట్లో ఉపగ్రహం తన ఒంట్లో సంగతులు చెప్పుకోవడాన్ని ఆరోగ్యం అంటారు. అది విన్నాకే ఆదేశాలు మొదలుపెట్టడం మామూలు.

భోజనాలయ్యాక మంత్రిగారు వెళ్ళిపోయారు. వ్యాను కూడా దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయింది. గదిలో మిగిలింది నలుగురే. అయెలెన్ రాకపోతే బాగుండునని ఎల్వియో ఎంతో ఆశపడ్డాడు. ఆమె వచ్చి వెనక గోడకి ఆనుకుని నిలుచుంది, చేతులు జేబుల్లో పెట్టుకుని.

చింగోలో కొండ అంచున తల ఎత్తింది. వ్యాను లేని ఆకాశంలో గొంతు ఖణేలుమంది. ఫితో తెరమీది వరసలు చదవడం మొదలుపెట్టాడు. పద్ధతి ప్రకారం చదవాల్సినవి చదివితే అవి మాట్లాడినట్టు కాదు కాబట్టి ఆ కాసేపు వాడి గొంతు అందరికీ వినబడుతుంది.

“బ్యాటరీ, బాగుంది. వేడి, బాగుంది. మెమరీ తప్పులు, సున్నా. మెమరీ, నిండుగా ఉంది.” తర్వాతి వరసకొచ్చాడు. “తిరస్కరించిన ఆదేశాలు, ఒకటి.”

నీల్దా తల తిప్పింది. “ఏం తిరస్కరించింది? ఏ ఆదేశం ఫితో?”

ఫితో ఎల్వియో వైపు చూశాడు. వాడి చూపులో కోపం లేదు. బతిమాలుకుంటున్నట్టుంది, అంతే.

ఎల్వియోకి అంతా ఒక్కసారిగా తెలిసొచ్చింది. మెమరీ నిండుగా ఉంది. చింగోలో చెరపలేదు. రసీదు అందలేదని తన మాట వినలేదు. నీడ ఇంకా పైనే ఉంది, చెక్కుచెదరకుండా. దాన్ని నిజంగా చంపే ఆదేశం తన చేతిలో కాగితం మీద ఉంది, జాబితాలో తర్వాతి వరస అదే. తను “చదువుదాం పద” అంటే చాలు. పెద్ద తను. బాధ్యత నాది అన్నాడు కూడా. ఫితో నోరు విప్పడు. ఇవాళ చెప్పిన అబద్ధాలు రెండూ నిలబడిపోతాయి.

చదువుదామా అని అతనికి అనిపించింది. ఇది దాచడానికి వీల్లేదు. ఒక్క ఊపిరి సేపు, నిజంగానే, నోరు తెరిచి ఆ మొదటి మాట కోసం గాలి పీల్చుకున్నాడు. పొద్దున నొక్కింది అహంకారం, మధ్యాహ్నం చెప్పింది పిరికితనం. ఇది మాత్రం ఏమిటో అతనికి ఆ తర్వాతెప్పుడూ పేరు దొరకలేదు, ఊరందరికీ పేర్లు పెట్టినవాడికి.

“ఆపు ఫితో,” అన్నాడు.  “ఆ ఆదేశం నేను పంపిందే. పొద్దున, కెమెరా కోసం. గీత సగంలో ఉండగానే చెరపమన్నాను. అనోమలియా ఏం లేదు. ఇప్పుడీ రాసెయ్యమనేది కూడా పంపొద్దు. చించెయ్యండి. మళ్ళీ పంపమని అడగండి, త్వరగా!”

 నీల్దా అప్పటికే తన కాగితం అందుకుంది. చదివింది. సరిచూసి ‘సరిపోయింది’ అనాల్సిన రెండో మనిషి ఎల్వియో. అతను కాగితం ఎత్తాడు, అక్షరాలు అలుక్కుపోయాయి. కళ్ళు తుడుచుకుని ఒక్కో మాటా పోల్చుకుని, “సరిపోయింది,” అన్నాడు. ఎవరికీ వినబడలేదు. “ఏంటి?” అంది నీల్దా, పద్ధతి ప్రకారం. అతను గట్టిగా మళ్ళీ అనాల్సొచ్చింది. ఫితో నొక్కాడు.

పచ్చగీత పాకింది. పొద్దున ఎర్రబడిన చోటికొచ్చింది. దాటింది. చివరికంటా చేరింది. తెరమీద అయెలెన్ అంకెలు గీతగా మారాయి. సాఫీగా వస్తున్న గీత ఒకచోట లోయలోకి జారినట్టు దిగి, అడుగున కాసేపు వణికి, మళ్ళీ మెల్లగా పైకెక్కింది. నట్టపగటి చీకటి అది. ఫితో గావుకేక పెట్టాడు. ఆ గొంతు వాడిదని నమ్మడానికి అందరికీ కాస్త టైం పట్టింది. నీల్దా అయెలెన్‌ని కావలించుకుంది. ఆ పిల్ల ఏడుస్తూ నవ్వుతూ, “అమ్మా, ఉంది, ఉంది,” అని ఫోన్లో అరుస్తోంది. ఎల్వియో ఆ సంతోషానికి రెండడుగుల దూరంలో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక నిలుచున్నాడు. నీడ దక్కినందుకు సంతోషంగానే ఉంది. ఆ సంతోషంలో తనకి వాటా ఉందనుకునే మొహం మాత్రం లేదు.

ఫోన్ పెట్టేసి అయెలెన్ అతని దగ్గరికొచ్చింది. తిడుతుందనుకున్నాడు. తిట్టాలని కోరుకున్నాడు కూడా.

“నేను మీకు ధైర్యం చెప్పాను,” అంది. “పొద్దున. మీ చెయ్యి పట్టుకుని మరీ చెప్పాను.”

“అవునమ్మా.”

“మీరు చెప్పించుకున్నారు.”

అంతే అని, జేబురుమాలుతో ముక్కు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఎల్వియో తల ఎత్తలేకపోయాడు.

వంటగదిలో నీల్దా మాతె ఆకు మారుస్తోంది. అతను గుమ్మంలో నిలబడ్డాడు.

“ఆ రసీదు కాపలా తీసేశామనుకున్నానే. ఆ రోజు సమావేశంలో…”

“ఎక్కడ తీసేశాం? నువ్వు మాంసం తిప్పడానికి పోయావు. వాళ్ళు నవ్వడం అయ్యాక, ఉంచుదాం అన్నారు. అందరికీ తెలుసు. నీకూ తెలుసనుకున్నాం.” గిన్నెలో నీళ్ళు పోసింది. “నువ్వు వచ్చినవాళ్ళకి గుర్రం, మాట జవదాటదు అని చెప్తుంటే హాస్యానికనుకునేదాన్ని.”

“ఏ రోజుకోసం పెట్టావది నీల్దా? ఏం జరుగుతుందని?”

ఆవిడ థర్మాస్ మూత బిగించింది. చెప్పకుండా ఉండాలనే చూసింది, తెలుస్తూనే ఉంది. చివరికి అంది, “ఎవరో ఒకళ్ళు ఏదో ఒకరోజు నలుగురిముందూ తొందరపడతారు కదా అని. అప్పటికే నీతో చాలాకాలం పనిచేశానయ్యా.”

మాతె అతనికందించింది, ఎప్పటిలాగే, అతని వంతు రాగానే. అతను తాగి గిన్నె తిరిగిస్తూ “గ్రాసియాస్” అన్నాడు. ధన్యవాదాలన్న ఆ మాట మాతె దగ్గర అంటే ఇంక నాకు పొయ్యొద్దని. ఆవిడ తల ఊపి వంతు పక్కకి తిప్పింది.

సాయంత్రం ఎల్వియో ఇంటికి నడిచి వెళ్ళాడు. వేసవి కదా, వీధిలో అందరూ కుర్చీలు బయట వేసుకున్నారు. పక్కింటి దోన్యా పోర్ఫిరియా తన టీవీని కిటికీలో వీధివైపు తిప్పి పెట్టింది. అతను సందు మలుపు తిరిగేసరికి చప్పట్లు మోగాయి.

“ఎల్వీతో! రా నాయనా రా! నిన్నే చూపిస్తున్నారు!”

నీడ దక్కిందని మంత్రిగారి ఆఫీసువాళ్ళు టీవీకి ఫోన్ చేసి చెప్పారట. ఎలా దక్కిందో ఎవరూ చెప్పినట్టు లేరు. వాళ్ళ దగ్గరున్నది పొద్దున తీసిన బొమ్మే. తెరమీద ఎల్వియో జుట్టు సవరించుకున్నాడు, గట్టిగా చదివాడు, “సరిపోయింది!” అన్నాడు, మీట నొక్కాడు. మంత్రిగారు చప్పట్లు కొట్టారు. ‘గ్రహణపు నీడని నేలకి దించిన క్షణం’ అని కింద పెద్ద అక్షరాలు.

దోన్యా పోర్ఫిరియా అతని రెండు బుగ్గలూ పట్టుకుంది. చిన్నప్పుడు అతన్ని ఎత్తుకున్న మనిషి. “మా వీధివాడు! ఏం దర్జాగా నొక్కావురా! అది నొక్కితే ఏమవుతుంది నాయనా?”

“చెరిగిపోతుంది దోన్యా.”

“ఏంటీ?”

“అంతా చెరిగిపోతుంది. అది చెరిపే మీట. నేను చెరిపేశాను. చింగోలో నా మాట వినలేదు కాబట్టి మిగిలింది. నీల్దా అని ఒకావిడ ముందే జాగ్రత్తపడింది. నేను అబద్ధం కూడా చెప్పాను.”

ఒక్క క్షణం వీధి అంతా అతని ముఖంలోకి చూసింది. తర్వాత ఎదురింటి మెకానిక్కు అందరికంటే ముందు పొట్ట పట్టుకుని నవ్వాడు, ఆ వెనక అందరూ. దోన్యా పోర్ఫిరియాకి నవ్వీ నవ్వీ కళ్ళలో నీళ్ళొచ్చాయి.

“వీడి నోటికి ఎవరాగుతారే తల్లీ!” అంది. “కూర్చో, కూర్చో. మళ్ళీ వేస్తున్నారు.”

ముందు వరసలో అతనికి కుర్చీ వేశారు. ఎవరో చేతిలో ఫెర్నెట్ మందు గ్లాసు పెట్టారు. ఎల్వియో కూర్చున్నాడు. తెరమీద మళ్ళీ జుట్టు సవరించుకున్నాడు. ఈసారి వీధి నిశ్శబ్దంగా ఉంది, అతన్ని గౌరవించి. అందుకని ఫితో గొంతు కూడా వినబడింది, మెల్లగా, స్పష్టంగా.

“సార్, గీత ఇంకా…”

అందరూ చప్పట్లు కొట్టారు.